తలుపుల్లేని చావిడి

మొన్న పులివెందుల నుంచి ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ప్రొద్దుటూరులో మా సందు కనుక్కోవడం కొత్తవాళ్ళకు అంత సులువు కాదు. బంగారు అంగళ్ళ బజార్లో దారి తప్పితే మనిషి తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వస్తాడు. ఆమె మాత్రం ఎవరినీ అడక్కుండా నేరుగా వచ్చి గేటు తీసింది. అక్కడే నాకు మొదటి అనుమానం. ఆడపిల్లలకు కోలాటం నేర్పుతుందట. ఎండన పడి వచ్చింది గదా అని మజ్జిగ ఇచ్చినాను. తాగి గ్లాసు కింద పెట్టి, ఫోను తీసి, జమ్మలమడుగు చావిడి ఫోటోలు ఒక్కొక్కటే చూపించింది. "దీని ప్లాను నువ్వే గీసినావంట గదక్కా. మాకూ ఒక కాపీ ఇయ్యి. మా ఊర్లో అచ్చం ఇట్లాంటిదే కట్టుకుంటాం" అనింది. ఇంకెవరైనా అయితే సంతోషపడేవాళ్ళు. నేను మాత్రం ఈమెను ఎవరు పంపించినారబ్బా అనుకున్నాను. అది మా అమ్మ పుట్టింటి నుంచి వచ్చిన జబ్బు. ఆ ఇంట్లో పక్కింటివాళ్ళు పాయసం పంపిస్తే, ఈ పొద్దు ఏం పండగ అని అడగరు, మనతో వాళ్ళకు ఏం పని పడింది అని అడుగుతారు.

కాపీ ఇవ్వడానికి నాకేం అడ్డం లేదు. కానీ ఆ చావిడిలో ఒక్క గోడ కూడా నా తెలివితో లేచింది కాదు. ఏ మూల చూసినా ఎవరో ఒకరి అనుమానం కనపడుతుంది. జమ్మలమడుగు అనుమానాలతో పులివెందులలో చావిడి కడితే ఎట్లా? వాళ్ళ అనుమానాలు వాళ్ళకుంటాయి గదా. ఆ మాటే అంటే ఆమె నవ్వింది. అర్థం కాలేదని ఆ నవ్వులోనే తెలిసింది. అందుకని మొదటినుంచి చెప్పుకొచ్చినాను. చెప్తూ ఉంటే నాకే కొన్ని సంగతులు కొత్తగా కనిపించినాయి.

మా అమ్మకు ఇద్దరు అన్నదమ్ములు. పెద్దమామ సొంత అన్న, చిన్నమామ చిన్నాయన కొడుకు. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో సంగటి తిని పెరిగినవాళ్ళు. వాళ్ళ నాయనలిద్దరూ కలిసి జమ్మలమడుగులో పత్తిమిల్లు పెట్టినారు. నా చిన్నప్పుడు సెలవులకు పోతే ఆ మిల్లు దగ్గరే మా ఆటలు. గింజ తీసిన దూది గాల్లో తేలి, కనురెప్పల మీద, జడల్లో వాలి, మేమంతా సాయంత్రానికి ముసలోళ్ళమై ఇంటికి చేరేవాళ్ళం. తర్వాత పంపకాలు వచ్చినాయి. చేన్లు, ఇల్లు, బావులు, ఆఖరికి ఇత్తడి గంగాళాలు కూడా రెండు పాళ్ళు అయినాయి. మిల్లు మాత్రం కాలేదు. తూర్పున పెద్దమామ వీధి, పడమర చిన్నమామ వీధి, నడుమ మిల్లు. నాదంటే నాదని కోర్టుకు పోయినారు. మిషన్లు తుప్పు పట్టినాయి, రేకుల మీద పావురాలు కాపురం పెట్టినాయి, ఇద్దరి వకీళ్ళూ పోయి, వాళ్ళ కొడుకులు నల్లకోట్లు తొడుక్కున్నారు. కేసు మాత్రం నడుస్తూనే ఉంది. వాయిదా రోజున ఇద్దరూ ఒకే బస్సులో ప్రొద్దుటూరు కోర్టుకు వచ్చేవాళ్ళు. ఒకాయన ముందర సీట్లో, ఒకాయన వెనక సీట్లో. మాటలు మాత్రం లేవు. పెండ్లిళ్ళలో పంక్తి భోజనానికి కూర్చున్నా ఒకరు లేచినాకే ఇంకొకరు కూర్చునేవాళ్ళు. మా పెండ్లిలో వీళ్ళ కోసం రెండుసార్లు ఆకులు పరచాల్సి వచ్చిందని మా ఆయన ఇప్పటికీ ఎత్తి పొడుస్తుంటాడు.

రాష్ట్రం విడిపోయిన తర్వాత కొన్నేళ్ళకు, నేను సర్కారు ఆఫీసులో డ్రాయింగు బల్ల ముందు నుంచి లేచి రిటైరై ఇంట్లో కూర్చున్న కొత్తలో, పెద్దమామ నుంచి ఫోను వచ్చింది. "పాపా, నీ ఆఫీసు పని అయిపాయె గదా. ఇంగ మా పని చెయ్. మిల్లును ఊరికి ఇచ్చేస్తాండా. ఆడ ఆటాపాటా జరిగేట్టు ఒక చావిడి కట్టల్ల. ప్లాను నువ్వే గీయల్ల" అన్నాడు. పెద్దమామ జీవితంలో ఎవరికీ ఉత్తపుణ్యానికి ఏదీ ఇచ్చిన మనిషి కాదు. చెనిక్కాయలు వలుస్తుంటే పిడికెడు అడిగితే, ముందు వలిచిపెట్టు అనేవాడు. పైగా పాటంటే ఆయనకు గిట్టదు. ఇంట్లో రేడియో పెద్దగా పెడితే, "వాడేమన్నా మనకు చుట్టమా, అంత అరుస్తాండాడు" అనేవాడు. అట్లాంటి మనిషి కళలకు మిల్లు ఇస్తానంటే నమ్మేది ఎట్లా?

నమ్మలేదు. ప్రొద్దుటూరులో మా పిన్ని, ఎలక్షన్లలో నిలబడుతున్నాడేమో అనింది. వేంపల్లెలో మా వియ్యంకుడు, ఆ స్థలం మీదుగా రోడ్డు పోతుందేమో, ముందే తెలిసుంటుంది అన్నాడు. మా ఆయన అయితే, "మీ మామ బొమ్మ నిలబెట్టుకోడానికి చోటు కావాల, అంతే" అని తేల్చేసినాడు. నేను బస్సెక్కి జమ్మలమడుగు పోయి నేరుగా అడిగినాను. ఆయన అరుగు మీద కూర్చుని, తుండుగుడ్డ దులుపుకుని, చాలా నెమ్మదిగా చెప్పినాడు. "గుడి కట్టిస్తే వాడు ధర్మకర్తనంటాడు. కల్యాణమంటపం కడితే బాడుగ వస్తాది, మల్ల ఆ బాడుగ కాడ కొట్లాట. బడి కడితే పేరు యాడ చెక్కల్లని కొట్లాట. ఆటాపాటా అయితే ఎవురికీ ఏమీ మిగల్దు పాపా. అందుకే అది." దీని వెనక ఇంకేదో ఉందని నాకు గట్టిగా అనిపించింది గానీ, పైకి మాత్రం అది చాలా సక్రమమైన కారణంగానే వినిపించింది.

చిన్నమామకు సంగతి తెలిసిన మర్నాడే, తానూ ఇస్తున్నానని వకీలుతో కబురు పెట్టినాడు. ఒక్కడే ఇచ్చినట్టు ఆయప్ప పేరు కొట్టేస్తే ఎట్లా? అట్లా ఇద్దరూ కలిసి మిల్లును ఊరికి రాసిచ్చినారు. కలిసి అంటే, ఒకాయన పొద్దున పోయి సంతకం పెట్టినాడు, ఇంకొకాయన సాయంత్రం పోయి పెట్టినాడు. ఊరు కూడా ఊరుకోలేదు, ఊర్లో ఉన్నవాళ్ళు, కువైట్‌లో ఉన్నవాళ్ళు తలా ఒక చెయ్యి వేసినారు. నా సంకటం అప్పుడు మొదలైంది. నేను ఇద్దరికీ మేనకోడలిని. పెద్దమామ ఇంట్లో కాఫీ తాగితే, చిన్నమామ ఇంట్లో నా ముందర ప్లాను విప్పి, "ఈ గీత ఎవురు గీయమన్యారు?" అని అడిగేవాళ్ళు. చిన్నమామ ఇంట్లో భోంచేస్తే పెద్దమామ రెండు రోజులు నాతో ముభావంగా ఉండేవాడు. ఒకసారి ఇద్దరి ఇండ్లలోనూ బొరుగుల ఉగ్గాని తినాల్సి వచ్చి, బస్సులో ప్రొద్దుటూరు దాకా కడుపు పట్టుకుని కూర్చున్నాను.

మొదటి తగాదా వాకిలి. మిల్లుకు పాత గేటు తూర్పున ఉంది. అది పెద్దమామ వీధి. పడమటి గోడ మూసి ఉంది. గేటు అట్లే ఉంటే చావిడి ఆయన సొంతం అయినట్టే గదా అని చిన్నమామ. పడమరకు మారిస్తే వాడికి నేను ఓడినట్టే గదా అని పెద్దమామ. ఉత్తరాన పెడదామంటే, ఉత్తరం నుంచి ఎవరి ఇల్లు ఎంత దూరమో ఇద్దరూ ఎవరికి వాళ్ళు నడిచి చూసుకుని వచ్చినారు. నాకు విసుగొచ్చి తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు వాకిళ్ళు గీసినాను. దక్షిణాన చిన్నది ఇంకొకటి పెట్టినాను. ఆడేవాళ్ళు, పాడేవాళ్ళు వేషాలు వేసుకుని లోపలికి వచ్చేందుకు. ఎక్కడైనా అట్లే ఉంటుంది, నేను చూసిన హాళ్ళన్నిట్లో అట్లే ఉంది.

ఆ ప్లాను పట్టుకుని ఊర్లో తిరిగినాను. చావిడిలో ఆడబోయేవాళ్ళను అడక్కుండా కట్టకూడదని ఆ మాత్రం జ్ఞానం ఉండింది. మొదట సిస్టరమ్మ దగ్గరకు పోయినాను. ఆమె ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఊర్లో సగం మందికి పురుళ్ళు పోసిన చేయి, మిగతా సగం మందికి సూదులు వేసిన చేయి. ఆమె తమ్ముళ్ళది దప్పుల మేళం, తోలు డప్పులు కొట్టేవాళ్ళు. పెన్న ఏటికి అవతలి ఊర్లలో కూడా జాతర్లకు వాళ్ళే పోవాలి. ఆమె దగ్గరకు పోయేటప్పుడు కూడా నాకు ఒక అనుమానం ఉండింది. చిన్నమామకు గుండె నొప్పి వచ్చినప్పుడు ఆమే దగ్గరుండి చూసుకునింది, కాబట్టి ఆయన మనిషేమో అని. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని ప్లానును బల్ల మీద పరిచి, రోగి చీటీ చదివినట్టు చదివింది. వేలు నేరుగా దక్షిణపు వాకిలి మీదకు పోయింది.

"ఇది ఎవురికమ్మా?"

"ఆడేవాళ్ళకు సిస్టరమ్మా. అన్నిచోట్లా ఉంటుంది."

"ఉంటాది, నేనూ చూసినా. దప్పు కొట్టేవోల్లు ఎనకనుంచి వస్తారు, ఇనేవోల్లు ముందరనుంచి వస్తారు. మా నాయన జీవితమంతా పెద్దిండ్ల ఎనక వాకిట్లోనే నిలబడి మంటకు దప్పు కాంచుకున్యాడు. మీ మామ కొత్తగా మిల్లు ఇచ్చి మల్ల ఆ వాకిలే చూపిస్తాండాడా?"

మామకు దీంతో సంబంధం లేదని, నేనే గీసినానని చెప్పినాను. ఆమె నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం కూడా ఆమెకు కనపడలేదు. "ఎవురు గీస్తే ఏమి, రేపు మావోల్లు నడిచేది దాంట్లోనే గదా" అనింది. నేను ఎదురు చెప్పలేక కాదు. దుస్తులు మార్చుకునే గది, సామాన్లు తెచ్చే దారి, అట్లాంటివి చాలా చెప్పగలను. కానీ ఆ మాటలు నోటిదాకా వచ్చి, ఆమె ముఖం చూసి ఆగిపోయినాయి. ఇంటికి వచ్చి దక్షిణం వాకిలిని కూడా మిగతా వాటంత వెడల్పు చేసినాను. అప్పుడు ఉత్తరం ఏం పాపం చేసిందని అక్కడా ఒకటి పెట్టినాను. నాలుగు వైపులా నాలుగు వాకిళ్ళు, అన్నీ ఒకటే కొలత. ముందు లేదు, వెనక లేదు.

వాకిళ్ళ తర్వాత తాళాలు. నాలుగు వాకిళ్ళకు తలుపులు పెడితే తాళంచెవులు ఎవరి దగ్గర ఉండాలి? పెద్దమామ తన దగ్గర అన్నాడు. చిన్నమామ తన దగ్గర అన్నాడు. తూర్పు చెవి ఒకరికి, పడమర చెవి ఒకరికి ఇద్దామంటే, వాడు తన వైపు తెరవకపోతే ఎట్లా అని ఇద్దరూ ఒకే మాట, ఒకే గొంతుతో, వేరు వేరు ఇండ్లలో అన్నారు. ఆఖరికి తలుపులే వద్దని తీసేసినాం. చావిడి చుట్టూ గాలికీ జనానికీ అడ్డం లేదు, మేకలకూ లేదు. ఇప్పటికీ భజన మధ్యలో ఒకటో రెండో లోపలికి వచ్చి కాసేపు నిలబడి పోతుంటాయి. దప్పులు, చెక్కలు, మేళం సామాన్లు దాచుకునే చిన్న గదికి మాత్రం తలుపు, తాళం తప్పలేదు. ఆ తాళంచెవి సిస్టరమ్మకు ఇచ్చినాం. ఊర్లో నా మామలిద్దరూ సమానంగా అనుమానించే మనిషి ఆమె ఒక్కతే.

గోడల సంగతి ఇంకో కథ. విజయవాడ నుంచి వచ్చిన ఒక చిత్రకారుడు గోడలన్నిటి మీదా బొమ్మలు వేస్తానన్నాడు. మన ప్రాంతం సంస్కృతి అంతా ఒక్క చూపులో కనపడాలని ఆయన కోరిక. నాకూ నచ్చింది. ఆ మాట ప్రొద్దుటూరులో బ్యాండుమేళం నడిపే ఒకాయనతో అన్నాను, ఆయన్ను అందరూ బ్యాండు అన్న అంటారు. ఆయన చాలాకాలం కువైట్‌లో లారీ నడిపి, ఆ దుడ్లతో బాకాలు, డ్రమ్ములు కొనుక్కుని వచ్చి మేళం పెట్టినాడు. నమాజు తప్పని మనిషే గానీ, ప్రొద్దుటూరు దసరా ఊరేగింపులో ఆయన బాకా వినకపోతే మాకు పండగ అయినట్టే ఉండదు. ఆయన టీ గ్లాసు గుండ్రంగా తిప్పుతూ, "బొమ్మలంటే ఎవురి బొమ్మలక్కా?" అన్నాడు. అన్నీ ఉంటాయన్నాను. "నీ మీద నాకు నమ్మకమే. కానీ ఇయ్యాల బొమ్మ, రేపు టెంకాయ, ఎల్లుండి చెప్పులు బయట ఇడిచి రాండంటారు. మల్ల మేము యాడ బాకా ఊదల్ల?" అన్నాడు. సరే అని పులివెందుల దారిలో ఉండే చెక్కభజన గురువు దగ్గరకు పోయినాను. ఆయనది రామభజన. చేతిలో చెక్కలు గలగలమనిపిస్తూ ముప్పై మందిని గుండ్రంగా తిప్పగల మనిషి, మాట మాత్రం గుసగుస. ఆయన దగ్గరికి జరిగి, "అమ్మా, గోడ మీద పచ్చజెండా ఏమన్నా వస్తాదా? వస్తే మా రాముని పటం యాడ పెట్టుకోవల్ల?" అన్నాడు. ఇద్దరి భయం ఒకటే. ఒకరి భయం ఇంకొకరికి చెప్తే తీరిపోతుందేమో అనిపించింది గానీ, చెప్తే ఇంకా పెరుగుతుందేమో అని కూడా అనిపించి ఊరుకున్నాను. బొమ్మలు మానుకున్నాం. ఎవరు ఆడితే వాళ్ళ పటమో, దీపమో, జెండానో తెచ్చుకోవాలి, అయిపోయినాక తీసుకుపోవాలి. ఆ భజన గురువే ఇంకో మాట కూడా అన్నాడు. "మేము గుండ్రంగా తిరిగేవోల్లం. ఆడే అరుగు ఒక కొసన కడితే సగం జనానికి మా ఈపులే గదా కనపడేది?" అందుకని అరుగును చావిడి నడుమ కట్టినాం, మోకాలెత్తున, నునుపు పట్టని కడప బండలతో. తూర్పునా జనమే, పడమరా జనమే.

అంతా అయింది. రేకుల కింద వెదురు తడికలు వేసినాం. తీరా దప్పుల మేళాన్ని పిలిచి ఒకసారి కొట్టి చూడమంటే, ఒక్క దెబ్బకు పది దెబ్బలు తిరిగి వచ్చినాయి. బొమ్మల్లేని ఒట్టి రాతి గోడలు శబ్దాన్ని బంతిలాగా ఒకదానికొకటి విసురుకుంటున్నాయి. భజన గురువు ఒక కీర్తన ఎత్తుకుంటే మాట ఒక్కటి అర్థం కాలేదు. చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నేను బయటికి వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాను. ఇన్నాళ్ళూ అందరి అనుమానాలకూ జవాబు చెప్పి, ఆఖరికి నా చావిడిలో పాటే వినపడకపోతే? పెద్దమామ నా దగ్గరకు వచ్చి, "వాడు గోడల్లో ఏమన్నా పెట్టించినాడా?" అని అడిగినాడు.

దారి చూపించింది బ్యాండు అన్న భార్య. ఆమె బొంతలు కుడుతుంది. మా ప్రాంతంలో పాత చీరలు పారెయ్యరు. పొరలు పొరలుగా వేసి, నడుమ పాత దూది పరిచి, దగ్గర దగ్గరగా దారం వేస్తే చలికాలానికి బొంత అవుతుంది. "గోడలకు బొంతలు కప్పక్కా, మా ఇంట్లో మిషన్ చప్పుడుకు నేను అదే చేసినా" అనింది. చెప్పినంత సేపు పట్టలేదు, ఊర్లో ఆడవాళ్ళు చీరలు తెచ్చి కుప్ప పోసినారు. జమ్మలమడుగు నేతచీరలు, ప్రొద్దుటూరు పెండ్లిచీరలు, చేన్లో కట్టి వెలిసిపోయినవి, కువైట్ నుంచి వచ్చిన మెరుపు గుడ్డలు. సిస్టరమ్మ తన తెల్ల యూనిఫారం చీరలు తెచ్చింది. మా అత్తలిద్దరూ కూడా తెచ్చినారు. ఎవరిది ఏదో తెలియకుండా ముక్కలు చేసి కుట్టమని నేను చెప్పినాను. అయినా పెద్దమామ ఒక బొంత ముందు నిలబడి చాలాసేపు చూసి, "ఈ ఎర్రంచు యాడిది? మన ఇంట్లోది కాదే" అన్నాడు.

బొంతలు తగిలించిన మర్నాటి సాయంత్రం, మామలిద్దరినీ రమ్మన్నాను. తూర్పు కొసన ఒకాయన, పడమటి కొసన ఒకాయన నిలబడినారు. నేను నడుమ అరుగు మీద నిలబడి మామూలు గొంతుతో నాలుగు మాటలు మాట్లాడినాను. చావిడి బాగా పలికింది. నా మాట నాకే ముద్దుగా వినపడింది. "ఎట్లుంది మామా?" అన్నాను. పెద్దమామ ముఖం చిట్లించి, "నాకు తక్కువ ఇనపడతాంది. అటుపక్కకే ఎక్కువ పోతాంది" అన్నాడు. చిన్నమామను అడిగితే, "నీకు తెలీకుండానే నువ్వు తూర్పుకు తిరిగి మాట్లాడతాండావు పాపా. ఈడికి సగమే వస్తాంది" అన్నాడు. పడమరకు తిరిగి మాట్లాడినాను. అదే జవాబు, తిరగేసి. పక్కకు తిరిగి మాట్లాడినాను. ఇద్దరికీ సగమే. ఇన్ని నెలలు నేను మింగినదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. "అయితే మీరే మాట్లాడుకోని చూసుకోండి. ఈ కొస మాట ఆ కొసకు పోతే, నడుమ మాట రెండు పక్కలకూ పోయినట్టే. ఇంగ నేను నోరు తెరవను" అని అరుగు మీద కూలబడినాను. కోపంలో అన్నాను గానీ, ఏమన్నానో అన్న తర్వాతే నాకు తెలిసింది.

పెద్దమామ తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. వాళ్ళ మధ్య మాట ఆగినప్పుడు నేను పెండ్లి కావలసిన పిల్లను, ఇప్పుడు నాకు మనవరాలు ఉంది. ఆయన ఎదురుగా చూడకుండా, పక్కనున్న బొంతను చూస్తూ అడిగినాడు.

"ఇనపడతాందా?"

చిన్నమామ నా వైపు తిరిగినాడు. "ఇనపడతాందని చెప్పు పాపా."

నేను తల అడ్డంగా ఊపినాను. ఆయన తలెత్తి, చేలో ఎద్దులను అదిలించినట్టు అరిచినాడు. "ఇనపడతాంది!"

"అట్ల అరిస్తే పెన్నకు ఆపక్కకు కూడా ఇనపడతాది" అన్నాడు పెద్దమామ. "మెల్లగ చెప్పల్ల. మెల్లగ చెప్పింది ఇనపడాల గదా ఈడ."

ఆ తర్వాత చిన్నమామ, గొంతు తగ్గించి, దాదాపు తనలో తాను అనుకున్నట్టు, "ఇనపడతాందిన్నా" అన్నాడు.

ఆ చివరి అక్షరం నోరు జారి వచ్చిందని ఆయన ముఖమే చెప్పింది. చిన్నప్పటినుంచి అలవాటైన నాలుక, వరసను తనంతట తానే అందుకునింది. నడుమ కూర్చున్న నాకు ఆ మాట వచ్చినట్టే, తూర్పు కొసకు కూడా పోయింది. పెద్దమామ బొంత మీది చూపు తిప్పకుండానే, "ఆఁ. ఇనపడింది" అని, చెప్పులు తొడుక్కుని, తన వాకిట్లోంచి వెళ్ళిపోయినాడు.

నేను పెద్దమామ ఇంటికి పోయేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "వాడు అన్నా అనె. విన్యావా? ఏంటికి అన్యాడో. దాని ఎనక ఏదో ఉంది" అన్నాడు. ఆయన చేయి తుండుగుడ్డను ముడివేస్తూ విప్పుతూ ఉంది. నేను లోపలికి పోయి అత్త దగ్గర కూర్చున్నాను. ఆమె చెనిక్కాయలు వలుస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది. "మీ మామ మిల్లు ఎందుకిచ్చినాడని ఊరంతా అడుగుతాంది, నన్ను మాత్రం ఎవురూ అడగలే. కేసు గెలిచేట్టున్యాడని వకీలు చెప్పినాడు. ఆ రోజు నుంచి మనిషికి నిద్రలే, అన్నం లే. కేసు అయిపోతే వాయిదాలుండవు. వాయిదాకు పోతేనే గదమ్మే వాని మొగం చూసేది." నేను నమ్మలేదు. అత్తకు మామ మీద ప్రేమ ఎక్కువ, ఆయనకు లేని మనసు ఆయనకు అంటగడుతోంది అనుకున్నాను. అట్లా అనుకోవడం కూడా ఆ వంశం జబ్బే.

కానీ చావిడి తెరిచినాక జరిగింది నా కళ్ళతో చూసినాను. పొద్దున, సాయంత్రం అక్కడ దప్పులో, భజనో, కోలాటమో, బ్యాండు అన్న బాకా నేర్పడమో ఏదో ఒకటి ఉంటుంది. మధ్యాహ్నం ఎవరూ ఉండరు. అన్నాలు తినినాక పెద్దమామ తూర్పు నుంచి వచ్చి తూర్పు కొసన బండ మీద కూర్చునేవాడు. కాసేపటికి చిన్నమామ పడమర నుంచి వచ్చి పడమటి కొసన కూర్చునేవాడు. ఎందుకొచ్చినావు మామా అంటే, "వాడు ఏమన్నా చేస్తాడేమోనని చూస్తాండా" అని ఇద్దరిదీ ఒకటే జవాబు. ఆ రెండు కొసల నుంచి, గొంతు పెంచాల్సిన పని లేకుండా, మాట్లాడుకునేవాళ్ళు. వాన గురించి, బుడ్డశనగ పంట గురించి, చచ్చిపోయిన వకీళ్ళ గురించి. ఒకసారి నేను పోయేసరికి, వాళ్ళ చిన్నాయన ఒకాయన ఎద్దుబండి మీదనుంచి వాగులో పడిన కథ చెప్పుకుని ఇద్దరూ నవ్వుతున్నారు. నన్ను చూసి ఆపేసినారు. ఒక్కరోజు కూడా పక్కపక్కన కూర్చోలేదు. చావిడి నడుమదాకా ఎవరూ నడిచి రాలేదు. ఆడే పాడే వాళ్ళ కోసమని నేను అంత కష్టపడి కట్టిన చావిడిని, అందరికంటే ఎక్కువగా వాడుకున్నది పాటంటే గిట్టని ఈ ఇద్దరు ముసలోళ్ళు.

ఆ మధ్యాహ్నాలు ఎంతోకాలం సాగలేదు. పెద్దమామ ఒక ఎండాకాలం నిద్రలోనే పోయినాడు. దప్పులు చావిడి నుంచే బయల్దేరినాయి, అన్నిటికంటే ముందర సిస్టరమ్మ తమ్ముళ్ళు. చిన్నమామ పాడె మోస్తానని పట్టుబట్టినాడు. ఆ వయసులో వద్దని అందరూ చెప్పినా వినలేదు. ఎందుకంత పట్టుబట్టినాడో అని ఊర్లో కొందరు గుసగుసలు పోయినారు. పోతారు, మా ఊరు అది.

చిన్నమామ ఇప్పటికీ మధ్యాహ్నం పూట వచ్చి పడమటి కొసనే కూర్చుంటాడు. పోయిన నెల నేను పోయినప్పుడు, "ఇంగ ఎవురికి కాపలా మామా?" అని అడిగినాను. ఆయన తూర్పు కొసన ఖాళీగా ఉన్న బండ వైపు చూసినాడు. తర్వాత మెల్లగా, "వాగుకు పోయి ఈత నేర్చుకున్న సంగతి చెప్పుకోవల్లనుకుంటి పాపా. రేపు చెప్దాంలే అనుకుంటి" అన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఏది ఎవరి సొత్తో తేల్చుకోవడానికే కాలమంతా ఖర్చు పెట్టేస్తాం, ఆ కాలంలో మాట్లాడుకోవాల్సింది కూడా ఉందని తెలిసేసరికి మధ్యాహ్నం పొద్దు వాలిపోతూ ఉంటుంది.